దుప్పి కొమ్ముతో పెన్ను చేయాలనుంది, తిరుపతి చుట్టుపక్కల కొమ్ము ఎక్కడ దొరుకుతుంది?

మిద్దెమీద_లేత్ (తిరుపతి):
అందరికీ నమస్తే. నాకు చెక్కతో పెన్నులు చేసే పిచ్చి ఉంది. రెండేళ్ల కిందట మిద్దె మీద రేకుల షెడ్డులో ఒక చిన్న లేత్ (చెక్కని గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే మిషన్) బిగించుకున్నా, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి తొమ్మిది దాకా అదే పని, కింద ఇంటివాళ్లు తిట్టినప్పుడు మాత్రం ఆపేస్తా. చింత, పనస, మామిడి, ఎబొనైట్ అనే గట్టి రబ్బరు, అన్నీ తిప్పా. ఇప్పుడు కొత్త పిచ్చి ఏంటంటే, అమెరికా వాళ్లు జింక కొమ్ముతో, ఎల్క్ (అక్కడి పెద్ద జాతి జింక) కొమ్ముతో చేసే పెన్నులు యూట్యూబ్‌లో చూశా. మీగడ రంగు మీద అక్కడక్కడా గోధుమ రంగు గరుకు మచ్చలు, ఒక పెన్నులా ఇంకోటి ఉండదు. అప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది.

తలకోన దారిలో మేకలు కాసుకునే ఒకాయన అడవిలో రాలిన దుప్పి కొమ్ములు ఏరి తెచ్చిస్తానంటున్నాడు. చంపి తెచ్చింది కాదు, తనంతట తను రాలిందే కదా, తీసుకుంటే తప్పేంటి? ఇంకోటి, మా అమ్మమ్మ వాళ్లింట్లో గోడకి ఒక జత కణితి (సాంబార్ జింక) కొమ్ములు ఉన్నాయి, తాత కాలంనాటివి. వాటి మీద తువ్వాళ్లు ఆరేస్తున్నారు. ఒక కొమ్మ కోసుకున్నా నాలుగైదు పెన్నులు వస్తాయి. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం దారి చూపండి.

పీలేరు_అబ్బోడు:
అన్నా, ముందు ఆ మేకలాయనకి ఫోన్ చేసి వద్దని చెప్పు, తర్వాత మిగతాది చదువు.

మా నాయన ఫారెస్టులో గార్డుగా చేసి రిటైరైనాడు, ఈ కొమ్ముల గోల చిన్నప్పటి నుంచి వింటున్నా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ట్రోఫీ అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే కొమ్ము, ఎముక, గోరు, పన్ను, ఈక అన్నీ ఉన్నాయి. రాలిందా, కోసిందా అని విడిగా చూడరు. నీ ఇంట్లో దొరికితే అది అక్రమంగా పెట్టుకున్నదే అని ముందు అనుకుంటారు, కాదని నిరూపించుకోవాల్సింది నువ్వే. మామూలు కేసుల్లో ఉన్నట్టు వాళ్లు నిరూపించేదాకా గమ్మునుంటే సరిపోదు.

రాలిందానికి కూడా ఇంత పట్టింపు ఎందుకని నేనూ ఒకసారి మా నాయన్ని అడిగినా. ఆయన రెండు కొమ్ముల తీరు చెప్పినాడు. రాలిన కొమ్ము మొదలు గుండ్రంగా, కాస్త ఉబ్బి, చుట్టూ పూసల దండలా అంచు ఉంటుంది. చంపి తీసిందానికి కింద పుర్రె ఎముక ముక్క అంటుకుని ఉంటుంది. మొత్తం కొమ్ము చూస్తే చిన్నపిల్లోడు కూడా కనిపెడతాడు. అదే రెండంగుళాల ముక్కలుగా కోసి సంచిలో పోస్తే? దేవుడు కూడా చెప్పలేడు. రాలినవి అమ్మొచ్చు అంటే చాలు, వేటాడినవన్నీ రాలినవే అయిపోతాయి. మేకలాయన మంచోడే కావచ్చు, ఆయనకి నువ్వు డబ్బులిస్తే రేపు ఇంకో నలుగురు అడవిలోకి దిగుతారు.

పైగా రాలిన కొమ్ము అడవిలో ఊరికే పోయేదేం కాదు. ముళ్లపందులు కాల్షియం కోసం కొరుక్కు తింటాయి, పక్కన పళ్ల గాట్లు గీతలు గీతలుగా కనిపిస్తాయి.

తాత కొమ్ముల సంగతి వేరే. ఇట్లాంటివి ఇంట్లో ఉన్నోళ్లు ప్రకటించుకోమని 2003లో గవర్నమెంటు 180 రోజులు గడువిచ్చింది. అప్పుడు రాసిచ్చి ఓనర్‌షిప్ సర్టిఫికెట్ తీసుకున్నారా లేదా అమ్మమ్మని అడుగు. ఉన్నా కూడా అది పెట్టుకోవడానికే, కోసి పెన్నులు చేసి అమ్ముకోవడానికి కాదు. లేకపోతే ఒక లాయరును అడిగి, ఫారెస్టు రేంజ్ ఆఫీసులో ఎట్లా అప్పజెప్పాలో కనుక్కో. నువ్వు చేసిన తప్పు ఇది ఒక్కటే, ఫోరంలో రాసేశావు.

శేషాచలం_రైడర్:
తిరుపతిలో ఉండి కొమ్ములెందుకు బ్రో, ఎర్రచందనం ముక్కలు దొరికితే ఆ రంగుకి ఏదైనా సాటి వస్తుందా?

పీలేరు_అబ్బోడు:
ఒక కేసు తప్పించి ఇంకో కేసులో తోస్తున్నావు చూడు. కాగితాలు లేని ఎర్రచందనం ఒక పుల్ల దొరికినా ఈ జిల్లాలో ఏమవుతుందో నీకు తెలీదా? జోకు కాకపోతే ఆ పోస్టు తీసెయ్.

డెన్వర్_చిత్తూరోడు:
నేను పుట్టింది చిత్తూరు, ఉండేది కొలరాడోలో. ఇక్కడ చలికాలంలో గరాజ్‌లో నా పని కూడా ఇదే, ఎల్క్ కొమ్ముతో ఇప్పటికి ఒక ముప్పై పెన్నులు తిప్పి ఉంటా, అందుకని ఇక్కడ పద్ధతేంటో చెప్తా.

ఇక్కడ ఎల్క్‌లు చలికాలం చివర్లో, మార్చి ఏప్రిల్‌లో కొమ్ములు రాలుస్తాయి. ఒక్కోటి నాలుగైదు కిలోలు తూగేవి కూడా ఉంటాయి. వాటిని ఏరుకోవడం చాలాచోట్ల చట్టబద్ధమే, కానీ ఎక్కడ పడితే అక్కడ కాదు, నేషనల్ పార్కుల్లో ముట్టుకోకూడదు, కొన్ని రాష్ట్రాల్లో తేదీలు కూడా ఉంటాయి. వయోమింగ్‌లో జాక్సన్ ఊరి పక్కన 1912 నుంచి ఎల్క్‌ల కోసమే ఒక రెఫ్యూజ్, అంటే రక్షిత ప్రాంతం, ఉంది. అక్కడ రాలిన కొమ్ముల్ని బాయ్ స్కౌట్ పిల్లలు ఏరి మే నెలలో వేలం వేస్తారు, వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం మళ్లీ ఆ రెఫ్యూజ్‌కే పోతుంది. ఊరి మధ్య పార్కుకి నాలుగు మూలలా కొమ్ములతోనే కట్టిన కమాన్లు ఉంటాయి. వేలం దాకా ఎందుకంటే, పెంపుడు జంతువుల షాపులో కుక్కలు కొరుక్కోవడానికి అమ్మే కొమ్ము ముక్కలు ఉంటాయి, పెన్నుల వాళ్లలో సగం మంది అవే కొంటారు. నిలువునా చీల్చినవి కాకుండా గుండ్రంగా ఉన్నవి చూసుకోవాలి, అంతే.

అందంగా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ వీడియోలో చూపించని సంగతులు చెప్తా విను. లోపల మొత్తం స్పాంజిలా ఉంటుంది, ఎల్క్‌లో మరీ ఎక్కువ. రంధ్రం వేసి ఇత్తడి ట్యూబు పెట్టి తిప్పుతూ పోతే ఒక పక్క గట్టి ఎముక, ఇంకో పక్క చిల్లులు బయటపడతాయి. పల్చటి సూపర్ గ్లూ చుక్కలు చుక్కలుగా తాగించాలి, ఆరాక మళ్లీ తిప్పాలి, మళ్లీ చిల్లు, మళ్లీ గ్లూ. కొమ్ము వంకరగా ఉంటుంది కాబట్టి పొడుగు ముక్క రాదు, రెండంగుళాల ముక్కలే. వాసన సంగతి, పళ్ల డాక్టరు మిషన్ పెట్టినప్పుడు వచ్చే వాసన తెలుసు కదా, అదే, కాకపోతే వంద రెట్లు. మొదటి రోజు మా ఆవిడ గరాజ్ తలుపు బయట నుంచి గడియ పెట్టింది. మాస్కు లేకుండా ఆ పొడి పీల్చొద్దు.

ఇంకో మాట. ‘అన్నా ఒక ముక్క సూట్‌కేసులో తెచ్చిపెట్టు’ అని మెసేజ్ పెట్టొద్దు. చెన్నైలో కస్టమ్స్ వాళ్లు ఆపితే అది ఎల్క్‌దా మన కణితిదా అని ఎవరు చెప్తారు?

మాధవమాల_దగ్గర:
నేను శ్రీకాళహస్తి పక్క. మా వైపు చెక్క పనివాళ్లు ఎక్కువ, నేనూ ఉలి పట్టే పెరిగా. నీకు కావాల్సింది ఆ రంగు, చేతికి తగిలే ఆ చల్లదనం, అంతే కదా? దానికి ఎనుము (గేదె) కొమ్ము చూడు.

అడవి దుప్పి కొమ్ము ఎముక, ఏడాదికోసారి రాలి మళ్లీ మొలుస్తుంది. ఎనుము కొమ్ము అట్లా కాదు, మన గోరులాంటి పదార్థం, రాలదు. అందుకే స్పాంజి గోల లేదు. మొదలు బోలుగా ఉంటుంది, కొస వైపు మాత్రం గట్టిగా నిండుగా ఉంటుంది, పెన్నుకి ఆ కొస చాలు. నలుపు మీద తేనె రంగు చార ఉన్న కొమ్ము దొరికితే నీ అదృష్టం. కబేళా దగ్గర నుంచి పచ్చిది తెచ్చుకుంటే ఉడకబెట్టి, లోపలి ఎముక లాగేసి, నీడన నెలలు ఆరబెట్టాలి, ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరు. ఉత్తరప్రదేశ్‌లో సంభల్ అని ఊరు, అక్కడ కొమ్ము, ఎముకలతో గుండీలు, దువ్వెనలు చేసేదే వృత్తి. అక్కడి నుంచి ఆరిన కడ్డీలు తెప్పించుకో, బిల్లులో ఎనుము కొమ్ము అని రాయించుకుని దాచుకో. అడవిదున్న కొమ్ము అంటే మళ్లీ అదే చట్టం.

తిప్పేటప్పుడు స్పీడు తగ్గించు, ఉలి రోజూ కన్నా రెండింతలు పదును పెట్టు. వేడెక్కితే పొరలు పొరలుగా లేస్తుంది, జుట్టు కాలిన వాసన వస్తే ఆపేయమని అర్థం. ఉప్పుకాగితం నాలుగు వందల నుంచి రెండు వేల దాకా పొడిగా పట్టు, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. చివర్లో గుడ్డకి కాస్త కొబ్బరి నూనె. మిగిలిన ముక్కలు డబ్బాలో కలరా ఉండలు వేసి పెట్టు, లేకపోతే పురుగు పట్టి సన్నటి గీతలు తొలిచేస్తుంది, నావి ఆరు కడ్డీలు అట్లా పోయినాయి.

తెలుపే కావాలంటే అంకుడు కర్ర. ఏటికొప్పాక బొమ్మలు చేసేది దాంతోనే, దంతంలా నున్నగా వస్తుంది, అడిగినోళ్లకి చెక్క అని నమ్మించలేక చస్తావు.

మిద్దెమీద_లేత్ (తిరుపతి):
అందరికీ థాంక్స్. మేకలాయనకి వద్దని చెప్పా. అమ్మమ్మ ఇంట్లో సర్టిఫికెట్ లేదు, ‘కాగితమేంది నాయనా, తువ్వాలు ఎక్కడ ఆరేయాలి’ అని ఆమె అడుగుతోంది. మా మామ లాయరుతో మాట్లాడి రేంజ్ ఆఫీసుకి వెళ్దామన్నాడు.

ఎనుము కొమ్ము కడ్డీలు నాలుగు తెప్పించా. మొదటిది ఏడు మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం వేస్తుండగానే చీలిపోయింది, నా తొందరే. రెండోది నిలబడింది, ఒక పక్క తేనె రంగు చార వచ్చింది, క్లిప్పు బిగించే చోట మాత్రం వెంట్రుకంత పగులు కనిపిస్తోంది. మాధవమాల అన్నా, అక్కడ పల్చటి గ్లూ పోస్తే నిలుస్తుందా, ముక్క మార్చాలా?

మాధవమాల_దగ్గర:
గోరు పెట్టి నొక్కి చూడు. పగులు నోరు తెరిస్తే పారెయ్, తెరవకపోతే ఒక్క చుక్క పొయ్యి, రెండు రోజులు దాని జోలికి పోవద్దు. మిగిలిన రెండింటికీ ముందు ఐదు మిల్లీమీటర్ల బిట్టు, తర్వాత ఏడు. ప్రతి అర అంగుళానికీ బిట్టు బయటికి తీసి పొట్టు ఊదెయ్.