‘క్రమంగా’కి బదులు ఏం రాయొచ్చు?

లంకగన్నేరు:
గోదావరి వరద రోజుల్లో ఊరి వాట్సాప్ గ్రూపుకి రోజుకి మూడుసార్లు సమాచారం రాయాలండి. ఎలా మొదలెట్టినా ‘క్రమంగా’ వచ్చి కూర్చుంటోంది. ధవళేశ్వరంలో క్రమంగా పెరుగుతోంది, భద్రాచలంలో క్రమంగా తగ్గుతోంది, లంకల్లో (ఏటి మధ్య దీవుల్లో) నీరు క్రమంగా తీస్తోంది... క్రమేణా, నెమ్మదిగా, రానురాను, అంతకంతకూ, ఇవన్నీ ఒకటేనా? ఎక్కడ ఏది పెట్టాలి?

గట్టుమీదరావి:
ఒకటి కాదండి. ‘క్రమంగా’లో వేగం లేదు, తిరకాసంతా అక్కడే. మధ్యలో ఆగకుండా ఒకదాని వెంట ఒకటిగా జరుగుతోందని మాత్రమే ఆ మాట చెబుతుంది. గంటకి అంగుళం పెరిగినా క్రమంగానే, అరడుగు పెరిగినా క్రమంగానే. ‘నెమ్మదిగా’ అంటే వేగం తక్కువని. వరద కబురులో అది రాశారనుకోండి, పశువుల్ని గట్టెక్కించడం రేపు చూద్దాంలే అనుకుంటారు జనం.

అందుకని అంకె రాయండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. ఇప్పుడు ఎంతుంది, ఆరు గంటల కిందట ఎంతుంది, తర్వాతి హెచ్చరికకి ఇంకా ఎంత దూరం, ఈ మూడూ ఉంటే ‘క్రమంగా’ దానంతటదే రాలిపోతుంది.

‘వరద క్రమంగా పోటెత్తుతోంది’ అని మాత్రం రాయకండి. పోటెత్తడమంటేనే ఒక్కుమ్మడిగా రావడం. ‘తగ్గుముఖం పట్టింది’ కూడా తగ్గడం మొదలైన పూటకే సరిపోతుంది. రెండు రోజులుగా తగ్గుతున్నదానికి మళ్లీ ముఖం పట్టించక్కర్లేదు. పెరగడానికీ తగ్గడానికీ మధ్య కదలక నిలబడితే ‘నిలకడగా ఉంది’.

బ్యారేజీ గేట్లు ఎత్తడం మనుషులు చేసే పని కాబట్టి ‘దశలవారీగా’. డబ్బు చెల్లింపులైతే ‘విడతలవారీగా’. ‘అంచెలంచెలుగా’ పైకి ఎదగడానికే బాగుంటుంది. అంచెలంచెలుగా దిగజారాడు అంటే చెవికి ఇంపుగా ఉండదు.

పాకంచెంబు:
మిగతావాటిలో మనసు కూడా కలుస్తుందండి. ‘రానురాను’లో చాలావరకు ఫిర్యాదే ఉంటుంది. రానురాను రాజుగారి గుర్రం గాడిదైందనే కదా సామెత! ‘నానాటికీ’ వెనక కూడా తీసికట్టు నాగంభొట్టు నిలబడే ఉంటాడు. ‘అంతకంతకూ’ అంటే నిన్నటి కంటే ఇవాళ ఎక్కువ, ఇవాళ్టి కంటే రేపు ఇంకా ఎక్కువ. ‘పోనుపోను’ దారికి బాగా నప్పుతుంది: పోనుపోను కాలవగట్టు ఇరుకైంది.

ఇంకో మాట. తెలుగులో చాలా క్రియల కడుపులోనే ఈ మెల్లదనం ఉంది. బెల్లం పాకం చుక్క తీసి నీళ్ల పళ్లెంలో వేయండి. కరిగిపోతే లేతపాకం. వేళ్లతో కూడదీస్తే మెత్తగా ఉండకడితే అరిసెల పాకం. ఆ ఉండ పళ్లేనికి కొడితే టంగుమంటే ముదురుపాకం, అరిసెలు రాళ్లవుతాయి. పొయ్యి దగ్గరున్నవాళ్లు ‘పాకం ముదురుతోంది, దించెయ్’ అంటారు గానీ ‘క్రమంగా ముదురుతోంది’ అనరు. అరటిగెల మాగుతుంది, పులుసు చిక్కబడుతుంది, ఎండ వాలుతుంది, చెప్పు అరుగుతుంది. వీటి ముందు ‘క్రమంగా’ పెడితే పులుసులో నీళ్లు పోసినట్టే.

మీ లంకలకి పనికొచ్చేవి రెండున్నాయి: ఏరు గట్టుని కోసుకుపోతే ‘కోత’, ఇసుక తెచ్చి పోస్తే ‘మేట’.

లంకగన్నేరు:
బాగుందండి. ‘పెరుగుతూ వచ్చింది’, ‘పెరుగుతూ పోతోంది’ వీటికి తేడా ఉందా? ‘క్రమేణాగా’ అని కూడా చూశాను, అది సరేనా?

గట్టుమీదరావి:
‘క్రమేణాగా’ తప్పు. ‘క్రమేణ’ సంస్కృతంలో తృతీయా విభక్తి, ‘క్రమంగా’ అన్న అర్థం దాంట్లోనే ఉంది. మళ్లీ ‘గా’ తగిలించడం తలపాగా మీద టోపీ. ‘కాలక్రమేణా’ ఏళ్లూ పూళ్లూ పట్టే వాటికి. మూడు రోజుల వరదకి వాడితే నవ్వుతారు.

బోరు నీళ్లలో ఉప్పు ‘పెరుగుతూ వచ్చింది’ అంటే అప్పట్నుంచి ఇప్పటిదాకా చూపు. ‘పెరుగుతూ పోతోంది’ అంటే ఎక్కడ ఆగుతుందో తెలియదన్న బెంగ.

మాత్రల విషయంలో మాత్రం జాగ్రత్త. ‘క్రమంగా వేసుకోండి’ అంటే రోజూ వేసుకోవాలా, మోతాదు పెంచుకుంటూ పోవాలా? ‘క్రమం తప్పకుండా’ అని విడమర్చి రాయాల్సిందే.

లంకగన్నేరు:
ఇలా రాస్తే సరిపోతుందా చూడండి. ‘ధవళేశ్వరం దగ్గర ఉదయం 6కి 11.75, మధ్యాహ్నం 12కి 12.75 అడుగులు. రెండో హెచ్చరికకి ఇంకో అడుగు. భద్రాచలంలో తగ్గుముఖం పట్టింది. లంకల్లో నీరు తీస్తోంది.’

పాకంచెంబు:
మాటలన్నీ కుదిరాయండి. కానీ ఆరు గంటల్లో అడుగు పెరిగిందని మీరే రాశారు, ఇంక దిగువ లంకల్లో నీరెలా తీస్తుంది? భద్రాచలంలో తగ్గినా ఆ నీరంతా ఇటు దిగాలి కదా. ఆఖరి వాక్యం ఇవాళ్టికి కొట్టేయండి.