పాపకు ఓఏఈ టెస్టులో ఎడమ చెవికి ‘రిఫర్’ వచ్చింది, ఆగవచ్చా?

బ్రాడీపేట నాన్న:
మాది గుంటూరు. పాప పుట్టిన మర్నాడే ఆసుపత్రిలో ఓఏఈ అనే చెవి పరీక్ష చేశారు. నిద్రపోతున్న పిల్ల చెవిలో మెత్తటి రబ్బరు మొన ఉన్న ప్రోబ్ పెట్టారు. కాసేపటికే స్క్రీన్ మీద కుడి చెవికి ‘పాస్’, ఎడమ చెవికి ‘రిఫర్’ అని వచ్చింది. నెలలోపు మళ్లీ రమ్మని కాగితం చేతిలో పెట్టారు, అంతే. మా అత్తగారేమో ‘గిన్నె కింద పడితే ఉలిక్కిపడుతోంది, దీనికి వినపడకపోవడమేమిటి, పచ్చి పసిదాన్ని తిప్పకండి’ అంటున్నారు. మా ఆవిడకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పసిగుడ్డు నోరు విప్పి చెప్పలేదు కదా, వినపడుతోందో లేదో ఆ మిషన్‌కు ఎలా తెలుస్తుంది? ఒక చెవి బాగానే ఉంది కాబట్టి కొన్నాళ్లు ఆగవచ్చా?

ఆడియాలజిస్ట్, విజయవాడ:
ముందు మీ ఆవిడకు ఈ మాట చెప్పండి. రిఫర్ అంటే చెవుడు అని కాదు, మళ్లీ చూడాలి అని. పుట్టిన ఒకటి రెండు రోజులు చెవి గొట్టంలో ఉమ్మనీటి తడి, ఒంటి మీది తెల్లటి జిడ్డు పూత మిగిలి ఉంటాయి. వాటివల్ల రిఫర్ రావడం మేం తరచూ చూస్తాం.

ఇక మిషన్ సంగతి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా ఉంటుంది. అందులో వెలుపలి రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 12,000. శబ్దం తగలగానే అవి సాగుతూ, ముడుచుకుంటూ ఆ శబ్దానికి బలం ఇస్తాయి. ఆ కదలికలో పుట్టే సన్నటి శబ్దం మధ్య చెవి, కర్ణభేరి మీదుగా వెనక్కి వస్తుంది. ప్రోబ్‌లోని మైక్ పట్టుకునేది దాన్నే, ఓఏఈ (ఒటోఅకౌస్టిక్ ఎమిషన్) అంటే ఆ శబ్దమే. అందుకే పిల్ల నిద్రలో ఉన్నా ఫరవాలేదు, ఆమె ఏమీ చెప్పనక్కర్లేదు.

లోపలి చెవి ఊరికే శబ్దాన్ని అందుకోదు, తానూ పనిచేస్తుందని 1948లోనే శాస్త్రవేత్త థామస్ గోల్డ్ అన్నారు. అప్పట్లో పెద్దగా ఎవరూ నమ్మలేదు. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ ఆ శబ్దాన్ని మైక్‌తో రికార్డు చేసి చూపించారు. ఇంకో రకం టెస్టులో రెండు స్వరాలు కలిపి వినిపిస్తాం. ఉదాహరణకు 2000, 2440 హెర్ట్జ్ ఇస్తే, మనం ఇవ్వని 1560 హెర్ట్జ్ స్వరం చెవిలోంచి వస్తుంది! ఎన్నేళ్లుగా చూస్తున్నా స్క్రీన్ మీద ఆ గీత లేచినప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది.

అత్తగారి మాటకు వస్తే, గిన్నె చప్పుడు చాలా పెద్దది. ఉలిక్కిపడటానికి ఒక్క మంచి చెవి చాలు. కొద్దిపాటి లోపం, ఒక చెవి లోపం ఇంట్లో చప్పుళ్లతో బయటపడవు. ఓఏఈ అయితే సుమారు 30 నుంచి 40 డెసిబెల్స్ లోపం ఉంటేనే సాధారణంగా రావడం మానేస్తుంది. కాబట్టి ఆగవద్దు. నెలలోపు స్క్రీనింగ్, మూడో నెలలోపు పూర్తి నిర్ధారణ, లోపం ఉంటే ఆరో నెలలోపు చికిత్స మొదలవ్వాలి. మాటలు వచ్చేది విన్నదాన్ని బట్టే కదా.

పటమట అమ్మ:
మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను తమ్ముడూ. మా బాబు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉన్నాడు, కామెర్లు కూడా బాగా పెరిగాయి. ఓఏఈ రెండు చెవులకూ పాస్. కానీ నెలలు గడిచినా పేరు పెట్టి పిలిస్తే తిరిగేవాడు కాదు. బెరా (విన్నది నరం మీదుగా మెదడుకు అందుతోందో లేదో చూసే టెస్టు) చేస్తే నరం దగ్గర సమస్య ఉందని తేలింది, ఆడిటరీ న్యూరోపతీ అన్నారు. రోమకణాలు బాగున్నాయి కాబట్టి చెవి శబ్దం చేస్తోంది, కానీ విన్నది మెదడుకు సరిగా అందడం లేదు. పాస్ వచ్చిందని అక్కడితో వదిలేయకండి. మీ పాప ఐసీయూలో ఉందా?

బ్రాడీపేట నాన్న:
లేదక్కా, నెలలు నిండాకే పుట్టింది, కామెర్లు కూడా పెద్దగా రాలేదు. వచ్చే వారం తీసుకెళ్తాం. మేడమ్, ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా? ఇంట్లో స్నానం చేయించేటప్పుడు చెవిలో నూనె చుక్క వేస్తున్నారు.

ఆడియాలజిస్ట్, విజయవాడ:
ఆ నూనె ఈ రోజే ఆపించండి, టెస్టు కోసమే కాదు, ఎప్పటికీ. పాప పాలు తాగి నిద్రలోకి జారుకునే వేళకు టైమ్ అడిగి వెళ్లండి. ఏడుపు, ఫ్యాన్ చప్పుడు ఉంటే ఆ సన్నటి శబ్దం మైక్‌కు దొరకదు. జలుబు ఉంటే ముందే చెప్పండి, మధ్య చెవిలో నీరు చేరినా రిఫర్ వస్తుంది. అప్పుడు టింపనోమెట్రీ (మధ్య చెవి, కర్ణభేరి ఎలా ఉన్నాయో చూసే టెస్టు) చేసి చూస్తారు. పసిపిల్లలకు 1000 హెర్ట్జ్ టోన్‌తో చేయమని అడగండి. రెండోసారీ రిఫర్ వస్తే మూడోసారి ఓఏఈ కోసం తిరగకుండా నేరుగా బెరాకు వెళ్లండి. అక్క అన్నట్టు ఐసీయూలో ఉన్న పిల్లలకైతే పాస్ వచ్చినా బెరా చేయించాలి. కాగితం వచ్చాక పాప పేరు కనపడకుండా ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.