యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్ పేలుతోంది: గాలి లీకా, టాపెట్లా?

నాన్నగారి 1991 హీరో హోండా సీడీ 100 ఇప్పుడు నేనే నడుపుతున్నా. నెల క్రితం మెకానిక్ కార్బురేటర్ (పెట్రోల్, గాలి కలిపే భాగం) విప్పి కడిగాడు. అప్పట్నుంచీ పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే చాలు, సైలెన్సర్‌లో పటపటమని పేలుళ్లు. నిన్న పక్క ఆటో అతను ఉలిక్కిపడి నన్నే తిట్టాడు! స్పీడు పెంచేటప్పుడు మాత్రం చప్పుడు లేదు, పికప్ బాగుంది.

ఇంజన్ వేడెక్కాకే మొదలవుతోంది. పుత్లీబౌలిలో కొత్త స్పార్క్ ప్లగ్ కొని వేశా. వారం తర్వాత విప్పి చూస్తే కొన గోధుమరంగులో లేదు, సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. అంటే పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైనట్టేగా? గాలి తగ్గించే చోక్ సగం లాగితే పేలుళ్లు దాదాపు ఆగిపోతున్నాయి కూడా. పైగా సైలెన్సర్ పైపు హెడ్‌కి (ఇంజన్ పైభాగానికి) కలిసేచోట నల్లటి మసి చార.

అక్కడ సందు మూసే గాస్కెట్ పోయిందంటారా, లేక కార్బురేటర్ బిగించిన చోట ఓ-రింగ్ (రబ్బరు రింగు) దగ్గర గాలి లాగుతోందా? మెకానిక్ ‘టాపెట్లు, హెడ్ విప్పాలి’ అంటున్నాడు. టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సరిచేయడానికి హెడ్ ఎందుకు విప్పాలో! ముందు కార్బురేటర్‌కి గాలి పాళ్లు మార్చే ఎయిర్ స్క్రూ తిప్పి చూడనా? ఈ బండి నడిపినవాళ్లు ఎన్ని చుట్లు పెట్టుకున్నారో చెప్పండన్నా.