పాత కారు రేడియో స్కానర్‌కి వినపడేది కొత్తదానికి ఎందుకు వినపడటం లేదు?

కారులో స్కానర్: పద్దెనిమిదేళ్లుగా నా కారులో ఉన్న స్కానర్ (రకరకాల ఫ్రీక్వెన్సీల్లో రేడియో మాటలు వెతికి వినే సెట్) యూనిడెన్ బీసీ780ఎక్స్‌ఎల్‌టీ ఒక్కటే. పోయిన నెల డిజిటల్ కూడా వినొచ్చని కొత్త స్కానర్ కొన్నాను. యాంటెన్నా అదే, కారు పైకప్పు మీద అయస్కాంతంతో నిలబెట్టిన క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో పావువంతు ఉండే కడ్డీ). కేబులూ అదే. బీఎన్‌సీ కనెక్టర్‌ని ఒకదాన్నుంచి ఊడదీసి ఇంకోదానికి తగిలించి వింటున్నాను. యూహెచ్ఎఫ్‌లో (300 మెగాహెర్ట్జ్ పైన) కొత్తదే మెరుగు. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తేడా తెలియడం లేదు. విమానాల మాటలుండే ఎయిర్‌బ్యాండ్‌లో మాత్రం పాతదాంట్లో దూరపు ఎయిర్‌పోర్ట్ కంట్రోల్ టవర్ మాటలు బుసబుసల మధ్యయినా అర్థమవుతాయి, కొత్తదాంట్లో బుస తప్ప ఏమీ లేదు. మాన్యువల్‌లో సెన్సిటివిటీ (బలహీనమైన సిగ్నల్‌ని అందుకునే శక్తి) అంకెలు చూస్తే రెండూ ఇంచుమించు సమానమే. మనసు పాడైపోయింది. సెట్‌లోనే లోపమా?

డెసిబెల్: ముందు రెండిట్లోనూ స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు బుసని మూసేసే నాబ్) పూర్తిగా తెరవండి. ఒక్కో సెట్‌లో అది ఒక్కో చోట మూసుకుంటుంది, మనం సెన్సిటివిటీ తక్కువనుకుంటాం. తర్వాత చెవిని నమ్మకుండా, కేబుల్ మధ్యలో 1 డీబీ (డెసిబెల్) మెట్లున్న అటెన్యుయేటర్, అంటే సిగ్నల్‌ని తగ్గించే పెట్టె, పెట్టి, మాట ఏ మెట్టు దగ్గర మునిగిపోతుందో రాసుకోండి. 6 డీబీ తేడా వచ్చిందంటే ఒకదానికి రెట్టింపు వోల్టేజి కావాలన్నమాట. అదీ అసలు పోలిక.

పాత ట్యూనర్: మాన్యువల్‌లో సెన్సిటివిటీ అంకె ఒంటరి సిగ్నల్‌తో కొలిచింది. మీ యాంటెన్నా మీద ఎయిర్‌బ్యాండ్‌కి ఆనుకునే 88–108 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం స్టేషన్లు కూడా పడుతున్నాయి. ఫ్రంట్ ఎండ్ (సెట్‌లో యాంటెన్నా సిగ్నల్ మొదట పడే భాగం) వాటి ధాటికి ఉక్కిరిబిక్కిరైతే 118 పైన బలహీనమైన సిగ్నల్ మునిగిపోతుంది. సెట్‌లోని అటెన్యుయేటర్ ఆన్ చేసి చూడండి. సిగ్నల్ తగ్గాల్సింది పోయి మాట తేటపడితే అది ఓవర్‌లోడే. అప్పుడు ఎఫ్ఎంని మాత్రమే ఆపే నాచ్ ఫిల్టర్ చాలు. సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్లిఫయర్ మాత్రం పెట్టకండి, ఇంకా పాడవుతుంది.

రాత్రి శ్రోత: పక్కన ఫోన్ ఛార్జర్ ఉందా? మా కారులో ఎయిర్‌బ్యాండ్‌ని మింగేసింది అదే. ఎయిర్‌బ్యాండ్ మాటలు ఏఎంలో వస్తాయి కాబట్టి ఆ రొద నేరుగా చెవిలో పడుతుంది.

కారులో స్కానర్: అందరికీ ధన్యవాదాలు. ఆదివారం పొద్దంతా ఇదే పని. ఛార్జర్ పీకేస్తే రొద కొంచెం తగ్గింది, మాట మాత్రం రాలేదు. కొత్త సెట్‌లోని అటెన్యుయేటర్ నొక్కగానే టవర్ మాట పైకి తేలింది! నమ్మలేక మూడుసార్లు నొక్కి చూశాను. ఒక మిత్రుడి దగ్గర ఎఫ్ఎం ఫిల్టర్ తెచ్చి పెట్టి, కేబుల్ మధ్య అటెన్యుయేటర్‌తో మెట్లు లెక్కపెట్టాను. ఫిల్టర్ లేనప్పుడు అటెన్యుయేటర్ సున్నా దగ్గరే కొత్తదాంట్లో మాట లేదు. ఫిల్టర్‌తో 7 డీబీ దాకా నిలిచింది. పాతది 9 దాకా వెళ్లింది. ఆ 2 డీబీ ఇంకా వెనకే, అయినా ఇప్పుడు టవర్ మాట పదం పదం అందుతోంది. ఫిల్టర్ ఇక అక్కడే ఉంటుంది. బీసీ780ని ఇంట్లో బల్ల మీదకి మార్చాను, ఎయిర్‌బ్యాండ్ కోసమే.