రచయిత ‘ఈ మధ్య చదివినవి’ అని జాబితా పెడితే, అందులో స్నేహితుల పుస్తకాలేవో చెప్పాలా?

అట్టవెనక: నాకు ఇష్టమైన ఒక రచయిత ఈ మధ్య తాను చదివిన పుస్తకాల జాబితా పెట్టారు. ఒక్కోదానికి రెండు లైన్ల మెచ్చుకోలు. తీరా చూస్తే సగానికి పైగా ఆయన ప్రచురణకర్త వేసినవో, ఆయనకు ముందుమాటలు రాసినవాళ్లవో. ఆ సంగతి ఎక్కడా లేదు. పేరు చెప్పను, గొడవ ఆయనతో కాదు. పరిచయం ఉంటే ఉందని ఒక ముక్క రాయాలి, లేదంటే అది ప్రకటన కిందే లెక్క అంటాను. మీరేమంటారు?

మార్జిన్: అతి చేస్తున్నారండీ. రచయితలకు రచయితలు కాక ఇంకెవరు స్నేహితులవుతారు? శ్రీశ్రీ మహాప్రస్థానానికి చలం యోగ్యతాపత్రం రాసింది 1940లో, పుస్తకం వచ్చింది 1950లో. ఇద్దరూ ఒకరినొకరు ఎరిగినవాళ్లే. అంతమాత్రాన ఆ మాటల బలం తగ్గిందా?

సగంచదివా: ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు. ముందుమాట రాశాడంటేనే ఆ పుస్తకం తరఫున నిలబడ్డాడని అందరికీ తెలుసు. ‘ఈ మధ్య చదివినవి’ అంటే మాత్రం మనలాంటి పాఠకుడిగా మాట్లాడుతున్నాడని నమ్ముతాం. పేచీ అక్కడే.

నిద్రలేమి: ఇంతకీ ఆ జాబితాలో పుస్తకాలు బాగున్నాయా, లేదా? అది ఎవరూ చెప్పరేం?

అట్టవెనక: రెండు చదివా. ఒకటి బాగుంది, ఒకటి పూర్తి చేయలేకపోయా. రెండూ పరిచయస్తులవే.

పాతపుస్తకం: పరిచయం లేకపోతే మాట నిక్కచ్చిగా ఉంటుందని, ఉంటే మొహమాటంతో మెచ్చుకుంటారని అనుకుంటున్నాం. ఎప్పుడూ అలా జరగదు. ఫ్రెంచ్ రచయిత ప్రూస్ట్ నవల మొదటి భాగాన్ని 1912లో మరో రచయిత ఆంద్రే జీద్ వాళ్ల ప్రచురణ సంస్థ తిప్పి పంపింది. జీద్‌కు ప్రూస్ట్ కొత్తవాడేం కాదు, విందుల్లో చూసినవాడే. ఆ చూసిందే కొంప ముంచింది, గొప్పింటి వాళ్ల చుట్టూ తిరిగే షోకిల్లారాయుడని ముద్ర వేసుకున్నాడు. ప్రూస్ట్ సొంత డబ్బు పెట్టి 1913లో వేరేచోట అచ్చు వేయించుకున్నాడు. మరుసటి ఏడాదికల్లా జీద్ క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశాడు.

ఇక ఏ పరిచయమూ లేని మెచ్చుకోలు సంగతి. 1855లో అమెరికన్ కవి విట్మన్ తన కవితలు సొంత ఖర్చుతో వేసి, అప్పటికే పేరున్న రచయిత ఎమర్సన్‌కు పంపాడు. ఎమర్సన్ మనసారా మెచ్చుకుంటూ జవాబు రాశాడు. విట్మన్ అందులో ఒక వాక్యాన్ని, ఆయన్ని అడగనైనా అడగకుండా, 1856 ముద్రణలో పుస్తకం వెన్ను మీద బంగారు అక్షరాలతో వేయించాడు. అదే మనిషి తన పుస్తకానికి పేరు పెట్టకుండా తనే సమీక్షలు కూడా రాసుకున్నాడు! మరి ఎమర్సన్ మాట ప్రకటనా, కాదా?

సగంచదివా: రాసినప్పుడు కాదు, వెన్ను మీదికెక్కాక అవును. అట్ట మీది పొగడ్తల కోసం ఇప్పటికీ రచయితలు తోటివాళ్లను బతిమాలుకోవాల్సి వస్తోంది. అమెరికన్ ప్రచురణ సంస్థ సైమన్ అండ్ షూస్టర్ ప్రధాన విభాగం అధిపతి 2025 జనవరిలో, ఇకమీదట మా రచయితలు అవి తెచ్చుకోనక్కర్లేదని ప్రకటించారు. ఆ పద్ధతిలో ప్రతిభ కంటే పరిచయాలకే మేలు జరుగుతోందని ఆయన వాదన. ప్రచురణకర్తే ఆ మాటన్నాక పాఠకుడు అనుమానిస్తే తప్పేముంది?

నేనైతే చనిపోయినవాళ్ల పుస్తకాల గురించి చెబితే ఎక్కువ నమ్ముతా. అమెరికన్ నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1960లో పేదరికంలో పోయింది, పుస్తకాలు దాదాపు మరుగునపడ్డాయి. తర్వాతి తరం రచయిత్రి ఆలిస్ వాకర్ ఆమె సమాధిని వెతుక్కుంటూ వెళ్లి 1975లో వ్యాసం రాశాకే జనం మళ్లీ అటు చూశారు. బదులుగా వాకర్ పుస్తకాన్ని పొగడడానికి హర్‌స్టన్ లేదు కదా.

మార్జిన్: బాగుంది, అయితే కొత్తగా రాసేవాళ్లు పోయేదాకా ఆగాలన్నమాట! మొదటి పుస్తకం వేసుకున్నవాడికి పత్రికల్లో చోటు దొరకదు, తెలిసిన రచయిత ఒక మాట చెబితేనే నలుగురు తెరిచి చూస్తారు. పక్కన ‘మిత్రుడి పుస్తకం’ అని తగిలిస్తే ఆ నలుగురూ పోతారు.

నిద్రలేమి: నచ్చనివి కూడా రాస్తే సరిపోతుందిగా. టాల్‌స్టాయ్ షేక్‌స్పియర్‌ని ఉతికి ఆరేశాడు. అలాంటాయన ఎవరినైనా మెచ్చుకుంటే వింటాం.

అట్టవెనక: టాల్‌స్టాయ్‌కి షేక్‌స్పియర్ సభల్లో ఎదురుపడడు కాబట్టి చెల్లింది. తోటి రచయితకు అది కుదరదు, నేను అడగడమూ లేదు. మార్జిన్ గారూ, కొత్తవాళ్ల సంగతి ఒప్పుకుంటా. వాళ్ల గురించి ‘నా శిష్యుడు, అయినా చదవండి’ అని రాస్తే నేనైతే ఇంకా ఇష్టంగా కొంటా.

మార్జిన్: సరే, ఆ ముక్క రాయమనండి. ‘ప్రకటన’ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి.

అట్టవెనక: స్నేహితుల పుస్తకాల వరకు తీసుకుంటా. సొంత ప్రచురణకర్త వేసినవాటికి తీసుకోను.