దేవుణ్ణీ పరలోకాన్నీ నమ్మేది భయం వల్లనేనా?

సందేహి:

నేను దేవుణ్ణి నమ్మను. చనిపోయాక ఏదో ఉంటుందనీ నమ్మను. అయితే నాలాగే నమ్మని ఒక మిత్రుడు ఈ మధ్య ఒక మాట అన్నప్పుడు, ఆయన పక్షాన ఉండవలసిన నేను ఎదురు మాట్లాడవలసి వచ్చింది. ఆయన వాదన ఇదీ: మనిషికి చావంటే భయం గనుక పరలోకాన్ని కల్పించుకున్నాడు, కల్పించుకున్న లోకానికి ఒక యజమాని కావాలి గనుక దేవుణ్ణి కల్పించుకున్నాడు, భయం పోయిననాడు రెండూ పోతాయి.

వినడానికి బాగానే ఉంది. కానీ భయమే ఈ కల్పనకు మూలమైతే అది ఇంతకంటే మంచి లోకాన్ని కల్పించుకుని ఉండాలి కదా! గ్రీకు కవి హోమర్ కావ్యంలో అకిలీజ్ అంతటి వీరుడు నీడల లోకానికి చేరాక, చచ్చినవాళ్లందరికీ రాజుగా ఉండటం కంటే భూమి మీద ఒక నిరుపేద దగ్గర కూలి చేసుకుని బతకడమే మేలని వాపోతాడు. యూదుల పురాతన గ్రంథాల్లోని పాతాళం కూడా చీకటీ నిశ్శబ్దమూ నిండిన చోటే. బౌద్ధులకు మళ్లీ మళ్లీ పుట్టడం ఓదార్పు కాదు, తప్పించుకోవలసిన దుఃఖం. ఇవేవీ భయానికి మందులా కనిపించవు.

దేవుణ్ణీ పరలోకాన్నీ ఒకే మూటలో కట్టడం మరొక పొరపాటు. జైనులూ బౌద్ధులూ సృష్టికర్తను ఒప్పుకోకుండానే పునర్జన్మను ఒప్పుకున్నారు. వైదిక కర్మలకే పెద్దపీట వేసిన మీమాంసకులు వేదాన్నీ స్వర్గాన్నీ కర్మఫలాన్నీ నమ్మి, ఆ ఫలాన్ని ఇవ్వడానికి ఈశ్వరుడు అక్కరలేదన్నారు. ఇటు యూదుల్లో సద్దూకయ్యులనే ప్రాచీన వర్గంవారు దేవుణ్ణి నిష్ఠగా కొలుస్తూనే, చనిపోయినవారు తిరిగి లేస్తారన్న మాటను మాత్రం తోసిపుచ్చారు.

కనుక దేవుడు ఉన్నాడా లేడా అన్నది నా ప్రశ్న కాదు. నమ్మేవారు ఎందుకు నమ్ముతున్నారు, నమ్మనివారు ఎందుకు నమ్మడం లేదు? మీ విషయంలో అది ఎలా జరిగిందో కూడా చెబితే మేలు.

తర్కప్రియ:

సందేహి గారూ, మీ మిత్రుడి మాట మోటుగా ఉందే తప్ప తప్పు కాదు. భయమంటే చావు భయం ఒక్కటే కానక్కరలేదు, రేపటి మీద భరోసా లేకపోవడం కూడా భయమే. పిప్పా నారిస్, రొనాల్డ్ ఇంగిల్‌హార్ట్ అనే పరిశోధకులు 2004లో అనేక దేశాల సర్వేలను పోల్చి చెప్పింది ఇదే. జబ్బు చేస్తే వైద్యం, ముసలితనంలో పింఛను, పని పోతే ఆసరా దొరికే సమాజాల్లో ప్రార్థనా ఆరాధనా పలచబడ్డాయి. బతుకు గాలిలో దీపంలా ఉన్నచోట అవి గట్టిగా నిలిచాయి. అమెరికా ఇంత సంపన్న దేశమై ఉండి కూడా అక్కడ మతం బలంగా ఉండటానికి అక్కడి అసమానతలు ఒక కారణమని కూడా వారు వాదించారు. దేవుడు నిజంగా ఉంటే రెండు రకాల సమాజాల్లోనూ ఉంటాడు, లేకపోతే రెండింటిలోనూ ఉండడు. వాటి మధ్య తేడా భరోసాలోనే ఉంది.

భయం లేని మనిషి చావును ఎలా చూస్తాడో తెలుసుకోవాలంటే 1776లో మంచం పట్టిన స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్‌ను తలచుకోండి. ఆయనను చూడవచ్చిన రచయిత జేమ్స్ బాస్వెల్, ఇక ఏమీ మిగలదన్న తలంపు మిమ్మల్ని కలవరపెట్టదా అని అడిగాడు. పుట్టకముందు లేకపోవడం నన్ను ఎంత బాధించిందో ఇదీ అంతే అన్న అర్థంలో హ్యూమ్ జవాబిచ్చాడు. కలవరపడింది బాస్వెలే.

ప్రార్థన ఫలిస్తుందన్న మాటను కూడా పరీక్షించి చూశారు. హెర్బర్ట్ బెన్సన్ అనే వైద్యుడి బృందం గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మందిని మూడు జట్లుగా విడదీసి 2006లో ఫలితాలు ప్రకటించింది. తమ కోసం ఎవరైనా ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు జట్లలో, ప్రార్థన అందిన జట్టులో 52 శాతం మందికీ అందని జట్టులో 51 శాతం మందికీ ఆపరేషన్ తరువాత చిక్కులు వచ్చాయి. ప్రార్థన జరుగుతోందని ఖాయంగా తెలిసిన మూడో జట్టులో అది 59 శాతం.

రాత్రి డ్యూటీ:

నేను పంతొమ్మిదేళ్లుగా ఐసీయూలో నర్సును, దేవుణ్ణి నమ్మేదాన్ని. తర్కప్రియ గారు చెప్పిన ప్రయోగంతో నాకు పేచీ లేదు. ముఖం కూడా ఎరుగని మనుషులు చీటీ మీది పేరు చూసి చేసే ప్రార్థనకు శాతాల లెక్కన జవాబు రావాలనుకునే భక్తులు నాకు ఇంతవరకు తారసపడలేదు. కోరికలు కోరేవారు ఉంటారు, కాదనను. కానీ చివరి ఘడియల్లో నా చెవిన పడిన ప్రార్థనల్లో కోరికల కంటే క్షమాపణలే ఎక్కువ.

భయం సంగతికి వస్తే, నమ్మేవారు నిబ్బరంగానూ నమ్మనివారు బెంబేలెత్తుతూనూ పోతారన్నది నేను చూసినంతలో అబద్ధం. దాన్ని తిరగేసి చెప్పినా అబద్ధమే. జీవితమంతా భక్తితో గడిపిన ఒక పెద్దాయన తెల్లవారుజామున నా చెయ్యి పట్టుకుని, ‘అక్కడ ఎవరూ లేకపోతే ఎలాగమ్మా?’ అని అడిగారు. నేనేమీ చెప్పలేక చెయ్యి వదలకుండా కూర్చున్నాను. కాసేపటికి ఆయనే మళ్లీ జపం మొదలుపెట్టారు. మొసలికి చిక్కిన గజేంద్రుడు కూడా, ఉన్నాడని అందరూ అనే ఆ ఉన్నవాడు ఉన్నాడో లేడో అని శంకించినవాడే. శంకిస్తూనే పిలిచాడు గాని పిలవడం మానలేదు. సందేహం పోతేనే నమ్మకం వస్తుందని బయట నుంచి చూసేవారు అనుకుంటారు. నేను చూసిన గదుల్లో ఆ రెండూ ఒకే మంచం మీద ఉండేవి.

గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నవారు చెప్పే అనుభవాల వల్ల నాకు నమ్మకం కుదిరిందేమోనని ఎవరైనా అనుకోవచ్చు. అలా కుదరలేదు. సామ్ పార్నియా అనే వైద్యుడి బృందం 15 ఆసుపత్రుల్లో 2060 మంది గుండె ఆగిన ఘటనలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనాన్ని నేను శ్రద్ధగా చదివాను. పైకి తేలి గదినంతా చూశామని చెప్పేవారిని పరీక్షించడానికి, పైనుంచి చూస్తే తప్ప కనబడని విధంగా అరలు బిగించి వాటి మీద బొమ్మలు పెట్టారు. కోలుకుని వివరంగా మాట్లాడగలిగిన 101 మందిలో 9 శాతం మంది చావు అంచుదాకా వెళ్లిన అనుభవాలను చెప్పారు. ఆ సమయంలో చూసిందీ విన్నదీ స్పష్టంగా గుర్తున్నవారు ఇద్దరే. ఆ ఇద్దరి గుండె ఆగింది అరలు లేని చోట! దీన్ని నిరూపణ అని ఊరేగించేవారితోనూ నేను ఏకీభవించను, ఒట్టిదని తేలిపోయిందనేవారితోనూ ఏకీభవించను, ఎందుకంటే అసలు పరీక్ష జరగనే లేదు.

నా నమ్మకం మా అమ్మ నుంచి వచ్చింది. ఆమె నాకు దేవుడి గురించి ఏ పాఠమూ చెప్పలేదు. తనకు తీరని కీడు చేసిన మనిషి మంచాన పడి, అయినవాళ్లు కూడా దగ్గరకు పోని రోజుల్లో, రోజూ వెళ్లి పక్క దులిపి, ఒళ్లు తుడిచి వచ్చేది. ఎందుకు వెళ్తావని కోపంగా అడిగితే, ‘పైన చూసేవాడు ఒకడున్నాడు కదే’ అంది. ఆ మాట ఎవరి నోటనైనా వినవచ్చు. నేను దాన్ని కళ్లతో చూశాను.

పాత విద్యార్థి:

రాత్రి డ్యూటీ గారు చివర చెప్పిన దానికి మనస్తత్వ పరిశోధనలో ఒక చోటు ఉంది. (ఒకప్పుడు నేను చదువుకున్నది ఆ శాస్త్రమే, వదిలేసి చాలాకాలమైంది.) మాటలు ఖర్చు లేనివి గనుక, మనిషి ఎదుటివారి మాటను కాక ఆ మాట కోసం వారు ఏం వదులుకుంటున్నారో చూసి నమ్ముతాడని జోసెఫ్ హెన్రిక్ అనే పరిశోధకుడు 2009లో ప్రతిపాదించారు. ఇది నమ్మనివారికి కూడా వర్తిస్తుంది. పుస్తకాలు చదివి, తర్కించి నాస్తికులైనవారు కొద్దిమందే ఉంటారని నా అభిప్రాయం. దేవుడి పేరు ఇంట్లో నిత్యం వినబడుతున్నా ఆ పేరు కోసం ఎవరూ ఒక పూట సుఖాన్ని కూడా వదులుకోవడం చూడకుండా పెరిగి, ఎప్పుడో ఒకనాడు తమలో ఆ నమ్మకం లేదని గమనించుకున్నవారే ఎక్కువ.

కష్టాలు నమ్మకాన్ని చంపుతాయనీ, కష్టాలే నమ్మకాన్ని పుట్టిస్తాయనీ రెండు మాటలు వింటుంటాం. 1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగనాడు, జనం చర్చీల్లో ఉన్న సమయంలో పోర్చుగల్ రాజధాని లిస్బన్ నగరాన్ని భూకంపం నేలమట్టం చేసింది. అంతా మన మేలుకే జరుగుతుందన్న తత్వాన్ని ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఎగతాళి చేయడానికీ, పశ్చాత్తాపపడండని బోధకులు గొంతెత్తడానికీ అదే శిథిలం ఆధారమైంది. కాబట్టి ఒక్క కష్టాన్ని చూపి మనిషి ఎటు తిరుగుతాడో చెప్పలేం.

పరలోకం విషయంలో మాత్రం భయం కంటే లోతైనది ఒకటి ఉందనిపిస్తుంది. జెస్సీ బేరింగ్, డేవిడ్ బ్యోర్క్‌లండ్ 2004లో ప్రచురించిన ప్రయోగంలో పిల్లలకు ఒక బొమ్మలాట చూపించారు: ఒక చిట్టెలుకను మొసలి తినేస్తుంది. (ఇక్కడా మొసలే!) తరువాత, ఎలుకకు ఇంకా నీళ్లు తాగవలసిన పని ఉందా, దాని మెదడు పనిచేస్తోందా అని అడిగితే చాలామంది లేదన్నారు. అది ఇంకా అమ్మను ప్రేమిస్తోందా, ఇంటికి పోవాలనుకుంటోందా అని అడిగితే అవునన్నవారు ఎక్కువయ్యారు. పరలోక కథలు ఎక్కువగా వినివుండే పెద్దపిల్లల కంటే చిన్నపిల్లలే ఇలా ఎక్కువగా చెప్పడం గమనించవలసిన సంగతి. దీని అర్థం నాకు తోచినంతలో ఇది: ఆకలి లేని స్థితిని ఊహించుకోగలం, చీకటినీ ఊహించుకోగలం, కానీ ఏమీ అనిపించకపోవడం ఎలా ఉంటుందో ఊహించబోతే ఊహించే మనసు అక్కడ అడ్డంగా నిలబడి ఉంటుంది.

అయితే దీనికి ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఉంది. రీటా అస్తూతి, పాల్ హారిస్ మడగాస్కర్‌లోని వెజో ప్రజలను ఇటువంటి ప్రశ్నలే అడిగి 2008లో ప్రచురించారు. చనిపోయిన మనిషి కథను ఆసుపత్రితో కలిపి చెప్పినప్పటి కంటే సమాధితోనూ పూర్వీకులతోనూ కలిపి చెప్పినప్పుడు, ఆ మనిషిలో ఇంకా కొన్ని శక్తులు మిగిలి ఉన్నాయని పెద్దవాళ్లు ఎక్కువగా అన్నారు. అంటే రెండు తలంపులూ ఒకే బుర్రలో కాపురం చేస్తాయి, ఏది లేచి పలుకుతుందో పిలిచే గొంతును బట్టి ఉంటుంది. కాగా, ఇదంతా నమ్మకం ఎలా పుడుతుందో చెబుతుంది గాని అది నిజమో కాదో చెప్పదు.

తర్కప్రియ:

చివరి వాక్యం దగ్గర ఆగండి, అది అంత తేలిగ్గా దాటిపోయేది కాదు. గడియారం ఆగిపోయి మూడు గంటలు చూపిస్తోందనుకుందాం. మూడు గంటలే అయి ఉండవచ్చు, కాదనను. కానీ సమయం ఎంతైనా అది మూడే చూపించేదని తెలిశాక దాన్ని సాక్ష్యంగా తీసుకోలేను. దేవుడు ఉన్నా లేకపోయినా మన మనసు ఇదే నమ్మకాన్ని తయారుచేసేదైతే, ఆ నమ్మకం బలంగా ఉందన్నది ఏ పక్షానికీ సాక్ష్యం కాదు.

రాత్రి డ్యూటీ:

ఆ గడియారం మీ గోడ మీద కూడా ఉందండీ. భరోసా ఉన్న సమాజాల్లో నమ్మకం సడలుతుందని మీరే చెప్పారు. అంటే దేవుడు ఉన్నా లేకపోయినా అక్కడ పెరిగినవారు ఎక్కువగా నమ్మనివారే అవుతారు. అప్పుడు వారి అపనమ్మకాన్ని మాత్రం ఆలోచించి తేల్చుకున్న నిర్ణయంగా ఎలా లెక్క కడతారు?

తర్కప్రియ:

కట్టను. అందుకే నమ్మకాలను పక్కన పెట్టి సాక్ష్యాల దగ్గరకు రమ్మంటున్నాను. అక్కడ దేవుడు ఉన్నాడని చెప్పేవారి మీదే నిరూపించే భారం ఎక్కువ.

సందేహి:

భారం ఎవరిదన్నది మరొక చర్చ. నా ప్రశ్నకే కట్టుబడతాను.

ఎలుక కథ చదివినప్పటి నుంచి ఒక సంగతి గుర్తుకొస్తోంది. మా నాన్న పోయిన నెల తరువాత సొరుగులో ఆయన కళ్లజోడు కనిపించింది. ఎడమ అద్దం మీద బొటనవేలి ముద్ర ఉంది. చొక్కా అంచుతో తుడిచాను. వెలుతురుకు పెట్టి చూస్తే ఇంకా కొంచెం మసక ఉంది, నోటితో ఆవిరి పట్టి మళ్లీ తుడిచి, గీత పడకుండా గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టాను. సొరుగు మూశాక గాని ఎవరు పెట్టుకోవడానికి తుడిచానో నాకు తట్టలేదు. ఆ క్షణంలో నాకు భయమేమీ లేదు, పరలోకం మీద నమ్మకం అసలే లేదు. ఆయనకు మసకగా కనబడుతుందన్న ఒక్క ఆలోచన మాత్రం చేతుల్లో ఉంది.

నా అపనమ్మకం ఎలా వచ్చిందో కూడా నిజాయితీగా చెప్పాలి. వాదనలన్నీ నేను తరువాత సమకూర్చుకున్నవే. పదిహేనేళ్ల వయసులో నేను ఎంతో ఇష్టపడిన ఒక మాస్టారు దేవుణ్ణి నమ్మేవారు కాదు. ఆ కారణంగా తనకు దక్కవలసిన ఒక పదవి దక్కకపోయినా, పైకి నమ్ముతున్నట్టు నటించడానికి ఆయన ఒప్పుకోలేదు. రాత్రి డ్యూటీ గారు వాళ్లమ్మను చూసినట్టే నేను ఆయనను చూశాను. పాత విద్యార్థి గారి లెక్క ప్రకారం ఆమె నమ్మకానికీ నా అపనమ్మకానికీ దారి ఒకటే అవుతుంది, అది ఒప్పుకోవడం నాకు కొంచెం కష్టంగా ఉంది. మా మిత్రుడికి ఈ చర్చను పంపుతున్నాను. ఆయన భయం సిద్ధాంతాన్ని వదులుకుంటారని అనుకోను గాని, తాను మొదట ఎవరిని చూసి నమ్మడం మానేశారో అడుగుతాను.