ఆరాంగోడీబీలో ట్రావర్సల్ తూముల దగ్గర ఇరుక్కుపోతోంది: ఎడ్జ్ కలెక్షన్ విడగొట్టాలా?

ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కోనసీమ దాకా కాలువల లెక్క ఆరాంగోడీబీ అనే గ్రాఫ్ డేటాబేస్‌లో పెట్టాను. కాలువ, లాకు, తూము, పంట బోదె, చేను అన్నీ వర్టెక్సులే (గ్రాఫ్‌లో బిందువులు). వాటిని కలిపే ఎడ్జ్‌లు మాత్రం ఒకే కలెక్షన్‌లో (టేబుల్ లాంటిది) పోశాను, తేడా తెలియడానికి ‘రకం’ అనే ఫీల్డు పెట్టాను: పారుదల, వంతు, సాగుదారు. నీళ్ల వంతు ఇచ్చిన ప్రతిసారీ తూము నుంచి చేనుకి ఒక కొత్త ఎడ్జ్. తప్పు ఇక్కడే చేశానేమో.

నా క్వెరీ ఒక ట్రావర్సల్, అంటే ఎడ్జ్‌లు పట్టుకుని ఒక్కో వర్టెక్సూ దాటుకుంటూ వెళ్లడం: ఒక కాలువ నుంచి శివారు చేల దాకా అవుట్‌బౌండ్ (ఎడ్జ్ చూపే దిక్కుకే), లోతు 1 నుంచి 8. ఒక్క సార్వా డేటాతో 200 మిల్లీసెకన్లు పట్టేది. ఇప్పుడు మూడేళ్ల సార్వా, దాళ్వా కలిపి ఎక్కిస్తే 14 సెకన్లు! ప్రొఫైల్ (ఏ దశకి ఎంత టైమో చూపేది) చూస్తే దాదాపు టైమంతా ట్రావర్సల్ నోడ్‌లోనే. ఒక పెద్ద తూముకి 38,000 ఎడ్జ్‌లున్నాయి, అందులో పారుదలవి 11.

బీఎఫ్ఎస్‌తో (మెట్టు మెట్టుగా వెతికే పద్ధతి) యూనిక్ వర్టిసెస్ గ్లోబల్ (ఒక్కో వర్టెక్సుకి ఒక్కసారే వెళ్లాలని) పెట్టాను, 11 సెకన్లకి దిగింది. పాత్‌లోని ఎడ్జ్‌లన్నీ పారుదలే అయ్యేలా ‘ఆల్’ ఫిల్టర్ కూడా రాశాను. ఫ్రమ్ (ఎడ్జ్ మొదలయ్యే వర్టెక్సు), రకం ఫీల్డుల మీద పెర్సిస్టెంట్ ఇండెక్స్ వేశాను కానీ, ఎక్స్‌ప్లెయిన్‌లో (క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ప్లాన్) ఇంకా మామూలు ఎడ్జ్ ఇండెక్సే కనిపిస్తోంది. ర్యామ్ 16 జీబీ, సింగిల్ సర్వర్.

ఇలాంటి డేటాకి రకానికో ఎడ్జ్ కలెక్షన్ చొప్పున విడగొట్టడం మేలా, లేక ఒకే కలెక్షన్ ఉంచి ఆ ఇండెక్స్‌నే వాడించే దారి ఉందా?